బలిపశువు కాదు, తోలివేసిన మేక



మన సమాజం గురించి పత్రికలు సానుభూతితో రాసినప్పుడు తరచుగా వాడే మాట 'బలిపశువు'. ఆంగ్లంలోని 'స్కేప్‌గోట్'కు అది తెలుగు. అయితే ఆ ఆంగ్లపదంలోని మేక బలి అయిన మేక కాదు.

తౌరాత్‌లోని లేవీయకాండం 16వ అధ్యాయంలో ప్రాయశ్చిత్త దినపు విధి ఉంది. రెండు మేకలకు చీట్లు వేస్తారు. ఒకటి దేవునికి బలి. రెండవదాని తలపై ప్రధాన యాజకుడు రెండు చేతులూ ఉంచి, తన ప్రజల పాపాలన్నింటినీ ఒప్పుకొని, వాటిని దానిపై మోపి, ప్రాణాలతోనే ఎడారికి పంపివేస్తాడు. హీబ్రూలో ఇక్కడ ఉన్న మాట 'అజాజేల్'. (మన సంప్రదాయ కథనాల్లో ఇబ్లీసు పూర్వనామంగా వినిపించే అజాజీల్ మీకు గుర్తుకు రావచ్చు.) అది ఎవరి పేరో, ఏ చోటి పేరో పండితులు నేటికీ తేల్చలేదు. ప్రాచీన గ్రీకు, లాటిన్ అనువాదకులు దానిని 'వెళ్ళిపోయే మేక' అనే అర్థంలో తీసుకున్నారు. 1530లో విలియం టిండేల్ అదే బాటలో, 'ఎస్కేప్'కు నాటి పొట్టిరూపమైన 'స్కేప్'ను 'గోట్'కు చేర్చి కొత్త మాట కట్టాడు. ఇతరుల తప్పు మోసే మనిషి అనే అర్థం 19వ శతాబ్దంలో స్థిరపడింది.

మనం ఖుర్బానీ ఇచ్చే మేక తలపై ఎవరి పాపాన్నీ మోపము. ఒకరి భారం మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ పలుమార్లు చెప్పిన సూత్రం.

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, తబ్లీగీ జమాత్‌కు వచ్చిన 29 మంది విదేశీయులపై కేసులు కొట్టివేస్తూ ఈ ఆంగ్లపదాన్నే వాడింది. విపత్తు వేళ ప్రభుత్వాలు ఇలాంటివారిని వెతుకుతాయని వ్యాఖ్యానించింది. కాని అప్పటికే నింద ఊరూరా తిరిగింది. దానిని ఏ తీర్పూ వెనక్కు తేలేదు. 2007 మే 18 నాటి మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుబడి, నిర్దోషులుగా విడుదలైన హైదరాబాద్ యువకులకు ప్రభుత్వం ఇచ్చిన పరిహారాన్ని కూడా 2013లో హైకోర్టు రద్దు చేసింది.

ఆ ప్రాచీన విధిలో ఒక నిజాయితీ ఉంది. పాపాలు తమవేనని ఆ ప్రజలు ముందుగా ఒప్పుకొన్నారు. నేటి తంతులో చేతులు మోపడం, తోలివేయడం మిగిలాయి. ఒప్పుకోలు ఒక్కటే పోయింది. కనుక సానుభూతి చాలదు. అరెస్టు వార్త వేసిన పుటలోనే, అంతే పెద్ద అక్షరాలతో విడుదల వార్తనూ వేయమని ఈ నెల నుండే సంపాదకులకు ఉత్తరాలు రాద్దాం. తీర్పు ప్రతిని కూడా జతచేద్దాం.