ఓక్ పీపా కాదు, మట్టి లొట్టి: ఖిలా వరంగల్ తాటికల్లుకు నా రేటింగ్

టైమ్ ఇప్పుడు పొద్దుగాల ఐదున్నర. ఇంకా చీకటి పోలేదు. నా వెనక నల్లగా కనపడేది గుట్ట కాదు, ఖిలా వరంగల్ మట్టికోట గోడ. దాన్ని దాటి లోపలికి పోతే రాతికోట, ఆ లోపల కీర్తి తోరణాలు. తోరణాల ముందు రీల్స్ మీరు చానా చూసిండ్రు. ఈరోజు కెమెరా అటు తిప్పను. ఇటు, ఈ తాటిచెట్ల దిక్కు తిప్పుతా.

ముందుగాల ఒక మాట. తెలంగాణలో 21 ఏళ్లు నిండనోళ్లు తాగడం చట్టం ఒప్పుకోదు. చూడండి, తెలుసుకోండి, అంతే. తాగినోళ్లు బండి ముట్టొద్దు. నేను ఆటోలో వచ్చిన, ఆటోలోనే పోతా.

సరే, విషయానికి వద్దాం. మీరంతా ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నది బ్యారెల్ ఏజ్డ్ ఇంపీరియల్ స్టౌట్ రేటింగ్. ఒక దోస్తు అమెరికా నుంచి ఒక సీసా తెచ్చిండు, నలుగురం పంచుకొని తాగినం. దాని సంగతి రెండు నిమిషాల్లో చెప్పేస్తా. ఎందుకంటే దాన్ని తాగినంకనే నాకు ఈ తాటివనం యాదికొచ్చింది.

స్టౌట్ అంటే బాగా మాడేలా వేయించిన బార్లీతో చేసే నల్ల బీరు. 18వ శతాబ్దంలో లండన్ నుంచి రష్యా రాణి కేథరిన్ దర్బారుకు ఘాటైన నల్ల బీరు పోయేది. ఆ 'ఇంపీరియల్' అనే పేరు అట్ల వచ్చింది. దాన్ని విస్కీ పీపాల్లో పెట్టి ఊరబెట్టే పద్ధతికి 1990లలో చికాగోలోని గూస్ ఐలండ్ బ్రూవరీ పేరు తెచ్చింది. అమెరికాలో బోర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలని చట్టం. ఒక్కసారి వాడినంక ఆ పీపా మళ్లీ బోర్బన్‌కు పనికిరాదు. సుమారు 200 లీటర్ల ఆ పీపాను బీరు చేసేటోళ్లు కొనుక్కుంటరు. అందులో బీరు నెలల తరబడి కూసుంటది. కాలిన చెక్కలోంచి వెనిల్లా వాసన, గోడల్లో ఇంకిన విస్కీ ఘాటు, రెండూ బీరులోకి దిగుతయి. ఆల్కహాల్ 10 శాతం దాటుతది. మామూలు బీరు లెక్క గటగటా తాగేది కాదు, చిన్న గ్లాసులో పోసుకొని గంటసేపు చప్పరించేది.

నా రేటింగ్: రంగుకు 9, వాసనకు 9, రుచికి 8, నోట్లో బరువుకు 9. మొత్తం మీద పదికి 8.5. మంచి సరుకు. కాకపోతే రెండో గుటక తీసుకుంటుంటే నాకు ఒక్కటే అనిపించింది. పీపా మారితే రుచి మారుతదని వాళ్లు ఇంత గొప్పగా చెప్పుకుంటున్నరు. మా గౌడన్న లొట్టి మారితే కల్లు మారుతదని ఎన్నడో చెప్పిండు, మనమే వినలే.

అందుకే వచ్చిన. (పైనుంచి గొంతు: "తమ్మీ, కిందికెల్లి జరగు, మట్టలు పడతయ్!") జరుగుతున్న అన్నా, జరుగుతున్న!

అన్న పేరు చెప్పొద్దన్నడు, చెప్పను. నడుముకు మోకు, చేతిల గీసే కత్తి. ఈ చెట్టు ఎంతుందంటే, మూడంతస్తుల బిల్డింగు మీద ఇంకోటి పెట్టినట్టు. తాటిచెట్టు 30 మీటర్ల దాకా పెరుగుతది. నాటినంక పూత రావడానికే పన్నెండు, పదిహేనేళ్లు పడుతది. పూత వచ్చేదాకా అది మగదో ఆడదో కూడా తెల్వదు. మగ చెట్టును పోతుతాడు అంటరు. రెండింటినీ గీస్తరు. గెలను కట్టి, కొసను రోజూ పల్చగా చెక్కితే చుక్క చుక్కగా రసం లొట్టిలో పడుతది. పొద్దున ఎక్కాలి, సాయంత్రం ఎక్కాలి. ఒక్కరోజు నాగా పెడితే గాయం ఎండిపోతది, చెట్టు అలుగుతది అంటడు అన్న.

ఇప్పుడు టేస్టింగ్. మూడు శాంపిళ్లు, ఒకే చెట్టువి.

మొదటిది నీరా. ఇది నిన్న సాయంత్రం సున్నం పూసిన లొట్టిలో రాత్రంతా దిగింది. సున్నం ఉంటే పులుపు ఎక్కదు. రంగు కొబ్బరినీళ్ల లెక్క, కొద్దిగా మబ్బుగా ఉంది. వాసన... లేత ముంజను గోటితో గిచ్చినట్టు. రుచి తియ్యగా, గొంతులో చల్లగా జారుతుంది. ఇందులో ఆల్కహాల్ లేదు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023 మేలో ప్రభుత్వం మొదలుపెట్టిన నీరా కేఫ్‌లో తాగినోళ్లకు ఈ రుచి తెలుసు. కాకపోతే చెట్టు కింద, సూర్యుడు రాకముందు తాగితే వేరే లెక్క. పదికి 7. ఒకటే లోపం, రెండో గ్లాసుకు తీపి మొహం కొడుతది.

రెండోది మామూలు లొట్టిలోది, సున్నం లేదు. టైమ్ ఇప్పుడు తొమ్మిది. చూడండి, నురుగు అంచు దాటి పొంగుతుంది. ఎవరూ ఈస్ట్ వెయ్యలే. గాలిలోది, చెట్టు మీది, ముఖ్యంగా లొట్టి గోడల్లో నిన్నటి నుంచి మిగిలింది, అదే పని చేస్తది. తీపిని తిని ఆల్కహాల్ చేస్తది, గ్యాస్ వదుల్తది. పక్కనే లాక్టిక్ బ్యాక్టీరియా పులుపు పెడుతది. అంటే విస్కీ పీపా ఏం చేస్తదో మట్టి లొట్టి అదే చేస్తుంది. ముందటి సరుకు గుర్తు కొత్త సరుకులోకి దిగుతది. వాళ్లకు నెలలు పట్టేది మనకు గంటల్లో అయితది.

అన్న తాటాకు రేక కట్టిచ్చిండు. గ్లాసు వద్దు, రేక పట్టి తాగు తమ్మీ అన్నడు. రంగు పాలలో నీళ్లు కలిపినట్టు. వాసనలో పులుపు, కొంచెం పచ్చి ఆకు. రుచి ముందు తీపి, నడుమ పులుపు, చివర్ల నాలుక మీద చిన్న చురుకు. ఆల్కహాల్ సుమారు 4 నుంచి 6 శాతం, అంటే మామూలు బీరంత. పక్కన ఉడకబెట్టిన గుడాలు, పైన ఉల్లిగడ్డ. ఆగండి, ఇంకో గుటక... పదికి 9.

మూడోది అదే కల్లు, సీసాలో పోసి సాయంత్రం దాకా ఉంచింది. అంటే ఇప్పుడు ఆరైంది. నా మొహం చూస్తే మీకే అర్థమైతది. తీపి మొత్తం పోయింది, పులుపు ముక్కుకు కొడుతుంది. ఇంకొన్నాళ్లు పెడితే సిర్కా అయితది. పదికి 3. స్టౌట్ పెట్టేకొద్దీ పెరుగుతది. కల్లు పెట్టేకొద్దీ పడిపోతది. దాని ఏజింగ్ అంతా ఆ మూడు నాలుగు గంటలే. అందుకే ఇది ఎగుమతి కాదు, షోరూమ్‌కు రాదు. చెట్టు దగ్గరికి మనమే రావాలి.

రేటింగ్ అయిపోయింది, ఎపిసోడ్ అయిపోలే. ఒక పాత లెక్క సరిచెయ్యాలి.

పోయినేడు నేను ఒక కల్లు కాంపౌండ్‌ల టేస్టింగ్ వీడియో చేసిన. పేరు చెప్పను, ఊరు చెప్పను. మస్తు తీపి, మందంగా నురుగు, ఒక్క సీసాకే కండ్లు మూతపడ్డయి. నేను కెమెరా ముందు నవ్వుకుంట 'స్ట్రాంగ్ సరుకు, పదికి 9' అన్న. ఆ వీడియోకు కెమెరా పట్టిన నా దోస్తు ఆ తర్వాత రోజూ అక్కడికి పోవడం మొదలుపెట్టిండు. మూడు నెలలకు వాళ్లమ్మ గొడవ పెడితే బంద్ చేసిండు. బంద్ చేసిన రెండో రోజు చేతులు వణుకుడు, నిద్ర లేదు, ఎవరో పిలుస్తున్నరని తలుపు తీసుడు. దవాఖానల చేర్పించినం. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, 'ఏ కల్లు తాగుతడు?' అని.

అప్పుడు తెలిసింది. చెట్టుకు కల్లు తక్కువ, గిరాకీ ఎక్కువ ఉన్నకాడ కొందరు నీళ్లలో శాక్రిన్ కలుపుతరు. మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజొలామ్ కలుపుతరు. ఇవి డాక్టరు చీటీ లేకుండా ముట్టకూడని మందులు. 2015లో అధికారులు ఈ కల్తీ మీద దాడులు చేస్తే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ దిక్కు జనం పిచ్చెక్కినట్టయి దవాఖానలకు వచ్చిండ్రు. తాగినందుకు కాదు, దొరకనందుకు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులే చచ్చిపోయిండ్రు.

నేను రుచికి మార్కులు వేసిన. ఆ 'స్ట్రాంగ్' అన్న మాట గోళీది, చెట్టుది కాదు. ఇంకో నిజం చెప్తా, ఈ కల్తీ నాలుకకు తెల్వదు. నాకు తెల్వలే, నేను ఇన్ని ఎపిసోడ్లు చేసినోణ్ని. ఒక్క గుర్తు చెప్పగలను. ఒకటి రెండు గ్లాసులకే నిద్ర ముంచుకొస్తే అది కల్లు పని కాదు. ఇంకో లెక్క: చెట్లు కనపడని చోట, ఏడాది పొడవునా, ఎంతమంది వచ్చినా అయిపోని కల్లు ఎక్కడినుంచి వస్తుందో అడగండి. ఆ 9 నేను వాపస్ తీసుకుంటున్న. ఆ వీడియో తీసేసిన. దోస్తు ఇప్పుడు బాగున్నడు, ఈరోజు కెమెరా కూడా వాడే పట్టిండు. నీరా ఒక్కటే తాగిండు.

పొద్దున అన్న కిందికి దిగినంక ఇదంతా చెప్పిన. అన్న కోపం చెయ్యలే. 'వాడు సీసాల పోసేదానికీ కల్లే అంటరు, నేను పాణం మీదికి తెచ్చుకొని దించేదానికీ కల్లే అంటరు తమ్మీ. పేరు మాది, పైసలు వానివి' అన్నడు. చెట్టు మీదికెల్లి పడి నడుము ఇరిగినోళ్లు ఈయనకు తెలిసినోళ్లల్ల ముగ్గురున్నరు. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య అంటే గీసేటోళ్ల దేవుడు. నీకు కిట్టు వచ్చిందా అన్నా అంటే, 'ఇంక రాలే, వస్తదంటున్నరు' అన్నడు.

పోయేముందు ఆ గోడ దిక్కు ఒక్కసారి చూడండి. 1708 ఏప్రిల్‌లో, మొహర్రం సమయంలో, వేల మందిని వెంటేసుకొని వచ్చి ఈ కోట మీద దాడి చేసినోడు సర్వాయి పాపన్న. ఊరు ఖిలాషాపూర్, ఇప్పటి జనగామ జిల్లా. పుట్టింది కల్లుగీత కులంలో. ఆయన మనుషులు తాళ్లు వేసి గోడలెక్కిండ్రని చరిత్రకారులు రాసిండ్రు. తాడు పట్టి ఎక్కుడు ఆ కులపోళ్లకు కొత్త విద్య కాదు గదా. ఆ విద్యే పొద్దున నా ముందట చెట్టెక్కింది.

అందుకే చివరి మాట. స్టౌట్‌కు 8.5, అది ఉంటది. పొద్దుటి కల్లుకు 9, అది రుచికి. చెట్టెక్కినాయనకు నేను మార్కులు వెయ్యలేను. కిందికెల్లి నిలబడి వేసే మార్కులు పైకి అందవు.

మీ ఊర్ల చెట్టు కింద తాగిన కల్లు ఎట్లుంటదో రాయండి. ఈతదా, తాటిదా, ఏ నెలలో బాగుంటదో చెప్పండి. చెట్టు చూడకుండా మాత్రం తాగకండి. ఉంటా మరి, ఆటో వచ్చింది.