కుక్క గుండెలో పురుగు – నెలకొక మాత్ర
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకునే వేదికపై కుక్కల జబ్బు సంగతేమిటని కొందరికి అనిపించవచ్చు. మన సభ్యులలో పిల్లలు అమెరికాలో ఉన్నవారు చాలామంది. ఆరేసి నెలలు అక్కడ ఉండి వస్తున్నాము. కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు ఉద్యోగాలకు వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది మనము, వారి కుక్క. దాని తిండి, మందు మన చేతిలోనే పడతాయి. అందువలన కార్యదర్శిగారు కోరగా ఈ నాలుగు మాటలు చెబుతున్నాను. నేను డాక్టరును కాను, రిటైరయిన గుమాస్తాను. హ్యూస్టన్‌లో మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు అక్కడి పశువుల డాక్టరుగారిని అడిగి తెలుసుకున్నవి, తరువాత చదివినవి మీ ముందుంచుతున్నాను.

ఆ జబ్బు పేరు హార్ట్‌వర్మ్. మన కోస్తా జిల్లాలవారికి బోదకాలు తెలిసినదే. దోమ మనిషి ఒంట్లోకి దారం వంటి పురుగును ఎక్కించినట్లే, కుక్క ఒంట్లోకి మరొక జాతి పురుగును ఎక్కిస్తుంది. డైరోఫైలేరియా ఇమ్మిటిస్ అని దాని పేరు. అది గుండె నుండి ఊపిరితిత్తులకు పోయే రక్తనాళాలలో కాపురం పెడుతుంది. ముదిరితే గుండె కుడిభాగంలోకీ వస్తుంది. ఆడపురుగు సుమారు అడుగు పొడవు పెరుగుతుంది, ఐదు నుండి ఏడేళ్ళు బ్రతుకుతుంది. కుక్క మొదట్లో హుషారుగానే ఉంటుంది. దగ్గు, ఆయాసం, నాలుగడుగులకే కూలబడటం తరువాతి సంగతులు. టెక్సాస్, లూసియానా వంటి మెక్సికో సింధుశాఖ తీర రాష్ట్రాలలో వేడి, తేమ, దోమ మూడూ ఉన్నందున అక్కడ ఈ జబ్బు ఎక్కువ. గడప దాటని కుక్కకు రాదనుకోరాదు, దోమకు గడపతో పనిలేదు.

ఇక మందు. దీనిని చాలామంది టీకా వంటిదనుకుంటారు. అది కాదు. దోమ ఎక్కించిన పిల్లపురుగు పెద్దదై సంతానం కనడానికి ఆరేడు నెలలు పడుతుంది. మొదటి నెలన్నర లేతగా, చర్మం కింద, కండలలో ఉంటుంది. నెలమాత్ర చంపేది ఆ లేత పురుగును. అంటే ఒకటో తారీఖున వేసిన మాత్ర రాబోయే నెలకు అడ్వాన్సు కాదు, గడచిన నెల బకాయిని చెల్లువేయడం. మన జీతాలు కూడా నెల పనిచేశాకే కదా వచ్చేవి! ఈ లెక్క తెలిస్తే తారీఖు ఎందుకు తప్పరాదో ఎవరూ చెప్పనక్కరలేదు. చలి వచ్చింది, దోమలు పోయాయి అని ఆపేస్తే చివరి నెలలో ఎక్కినవి లోపలే పెరుగుతాయి. రెండు మూడు నెలలు మరచి మళ్ళీ మొదలుపెడితే మధ్యలో ముదిరిన వాటిపై ఆ మాత్ర నమ్మకంగా పనిచేయదు. ఏడాది పన్నెండు నెలలూ ఇవ్వమని అమెరికన్ హార్ట్‌వర్మ్ సొసైటీవారి సలహా.

ఈ కథలో మన తెలుగువారి పాలు ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తుండగా 1947లో హెట్రజాన్ మందు వెలువడింది. మన ఊళ్ళలో బోదకాలుకు పంచిన డి.ఇ.సి. మాత్ర అదే. కుక్కలకు హార్ట్‌వర్మ్ రాకుండా అక్కడ మొదట వాడినదీ అదే. కాని రోజూ వేయాలి. పైగా అప్పటికే రక్తంలో పిల్లపురుగులున్న కుక్కకు వేస్తే ప్రాణం మీదకు వచ్చేది. 1987లో నెలకొకసారి వేసే ఐవర్మెక్టిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చాక ఆ బెడద తగ్గింది. ఐవర్మెక్టిన్‌కు మూలపురుషులైన సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి పంచారు. మన సుబ్బారావుగారు 1948లోనే పోయారు, ఆయనకు ఏ నోబెలూ రాలేదు. విషయానికి ఇది అనవసరమే అయినా చెప్పకుండా ఉండలేను.

మందు మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష తప్పదు. పెద్ద పురుగులను నెలమాత్ర చంపలేదు. మా అమ్మాయివాళ్ళు దిక్కులేని కుక్కల ఆశ్రమం నుండి తెచ్చుకున్న లడ్డుకు పరీక్షలో పురుగు ఉన్నట్లు తేలింది. నెలరోజులు డాక్సీసైక్లిన్, మరొక నెల ఆగి నడుము కండలో మెలార్సొమిన్ అనే ఇంజక్షన్, ఇంకొక నెలకు వరుసగా రెండు రోజులు రెండు ఇంజక్షన్లు. అది పాషాణం జాతి మందు. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల నాళాలలో అడ్డుపడి ప్రాణం తీయవచ్చు, అందుచేత నెలల తరబడి పరుగు, గెంతు పనికిరాదన్నారు. బంతి చూస్తే ఆగని కుక్క. మనవడు బడికి పోయాక మా ఇంటావిడ, నేను వంతులవారీగా దాని గొలుసు పట్టుకొని కూర్చున్నాము. బ్రతికింది. ఆ వైద్యానికి అయిన ఖర్చుతో ఎన్నో ఏళ్ళ నెలమాత్రలు వచ్చేవి.

ఒక హెచ్చరిక. అక్కడ మాత్రలు ఖరీదని, చీటీ లేనిదే ఇవ్వరని, ఇక్కడి మందుల షాపులో దొరికే మనుషుల ఐవర్మెక్టిన్‌ను పెట్టెలో వేసుకుపోయే ఆలోచన కొందరికి ఉన్నది. పదకొండు కిలోల లోపు కుక్కకు ఇచ్చే నెలమాత్రలో ఉండేది 68 మైక్రోగ్రాములు. మన 12 మిల్లీగ్రాముల మాత్రలో 12,000 మైక్రోగ్రాములు! ముక్కలు చేసి ఇద్దామన్నా కుదిరే లెక్క కాదు. కోలీ జాతి కుక్కలలో చాలావాటికి మోతాదు మించితే ఆ మందు మెదడుకెక్కి ప్రాణాపాయం కలుగుతుంది.

తిరుగు ప్రయాణానికి ముందు, ఆఫీసులో చార్జి అప్పగించినట్లే, చివరి మాత్ర ఏ తారీఖున వేసినదీ, ఎన్ని మిగిలినదీ, కుక్క బరువెంతో కాగితంపై వ్రాసి పిల్లల చేతిలో పెట్టండి. బరువును బట్టి మాత్ర మారుతుంది.

ఇక్కడి కుక్కలకూ కావాలా అని ఇందాక ఒక సోదరి అడిగారు. మన దేశంలో ఈ గుండెపురుగు ఎక్కువగా ఈశాన్య రాష్ట్రాలలో కనబడుతున్నది. కేరళ, కర్ణాటక వైపు చర్మం కింద ఉండే దాని దాయాది జాతి ఎక్కువ. మీ కుక్కకు అవసరమా కాదా అన్నది మీ పశువుల ఆసుపత్రి డాక్టరుగారు చూసి చెప్పవలసినది. సెలవు.