ఊపిరితిత్తిని ఆడించే చేయి

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సందర్భమున మారతహళ్ళిలో జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బయి అయిదేండ్ల పండుగ జరుపుకొంటున్న తెలుగు పాఠశాల సభలో ఏదైనా ఒక శాస్త్రవిషయాన్ని తెలుగులోనే చెప్పవలసిందని నిర్వాహకులు కోరారు. మనమందరమూ రోజుకు దాదాపు 20,000 సార్లు చేస్తూ, ఎన్నడూ తలచుకోని పనిని ఎంచుకొన్నాను. అది ఊపిరి తీయడం.

ఊపిరితిత్తి అన్న మాటలోనే సగం పాఠమున్నది. తిత్తి అనగా తోలుసంచి. కమ్మరి కొలిమి వద్ద తిత్తిని చూచిన పెద్దలు ఈ సభలో ఉండే ఉంటారు. తిత్తి తనంతట తాను గాలి పీల్చదు. చేయి దానిని విప్పినప్పుడు లోపల చోటు పెరుగుతుంది, బయటి గాలి లోనికి వస్తుంది. మన ఊపిరితిత్తుల సంగతీ ఇంతే. వాటిని విప్పగల కండరం వాటిలో లేదు. మరి ఈ తిత్తిని ఆడించే చేయి ఏది? మన పాఠ్యపుస్తకాలు దానికి ఉదరవితానమని చక్కని పేరు పెట్టాయి.

వితానమంటే చాందినీ. పొట్టకు పైకప్పుగా, రొమ్ముకు అడుగు నేలగా గొడుగువలె పరచుకొన్న పలుచని కండరమిది. దీని అంచులు రొమ్మెముక కొనకు, క్రింది ప్రక్కటెముకలకు, నడుము వెన్నుపూసలకు అంటి ఉంటాయి. క్రింద కాలేయమున్నందున కుడివైపు కొంచెం ఎత్తుగా ఉంటుంది. ఈ కండరం ముడుచుకొన్నప్పుడు గొడుగు చదునై క్రిందికి దిగుతుంది. మామూలు ఊపిరిలో ఈ దిగుడు ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే. గట్టిగా ఊపిరి తీసినప్పుడు 7 మొదలు 10 సెంటీమీటర్ల వరకు పోతుంది. అదే సమయంలో ప్రక్కటెముకల నడుమనున్న కండరాలు రొమ్ముగూటిని పైకి, వెలుపలికి లేపుతాయి. రొమ్ములో చోటు పెరిగి, లోపలి ఒత్తిడి తగ్గి, గాలి లోనికి ప్రవహిస్తుంది.

ఆ తగ్గుదల ఎంతో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మనమున్న ఈ మారతహళ్ళి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడి గాలి ఒత్తిడి సుమారు 680 మిల్లీమీటర్ల పాదరసం. అందులో ఒక్క మిల్లీమీటరు తేడా చాలు, అర లీటరు గాలి లోనికి వచ్చేస్తుంది. గాలిని మనం బలవంతంగా లోనికి లాగనక్కరలేదు, చోటు కల్పిస్తే అదే వస్తుంది. కండరం సడలినప్పుడు సాగిన ఊపిరితిత్తులు రబ్బరువలె యథాస్థితికి వచ్చి గాలిని వెలుపలికి పంపుతాయి. గుక్క తిప్పుకోకుండా సీసపద్యం చదివే విద్యార్థి ఆ సడలింపునే మెల్లమెల్లగా అదుపులో ఉంచుతున్నాడు. ఎక్కిళ్లు వస్తే ఎవరో తలచుకొంటున్నారని పెద్దలంటారు. అప్పుడు జరిగేది ఉదరవితానం హఠాత్తుగా ముడుచుకోవడం, ఆ వెంటనే కంఠద్వారం మూసుకొనిపోవడం.

బాలలారా, కుడిచేతిని నాభికి పైన ఉంచి నెమ్మదిగా ఊపిరి తీయండి. పొట్ట ముందుకు వస్తే ఉదరవితానం బాగుగా దిగుతున్నదని అర్థం. రొమ్ము విరిచి, పొట్టను లోనికి బిగించి నిలబడితే దానికి దిగే త్రోవ తగ్గుతుంది. బల్లపై వంగి చదివే మీకూ, గంటల తరబడి కంప్యూటరు ముందు కూర్చొనే మీ అన్నలకూ ఈ పరీక్ష పనికివస్తుంది.

ఇక నేను ముఖ్యముగా చెప్పవలసిన సంగతికి వస్తున్నాను. గుండెకు తన లయ తనలోనే ఉన్నది. ఉదరవితానానికి ఆ స్వాతంత్ర్యం లేదు. మెదడు అడుగుభాగం నుండి ఆజ్ఞ రావాలి. ఆ ఆజ్ఞ మెడలోని 3, 4, 5 వెన్ను నరాల నుండి బయలుదేరే ఫ్రెనిక్ నాడుల ద్వారా దిగి కండరాన్ని చేరాలి. ఈ త్రోవ ఎక్కడ తెగినా ఊపిరితిత్తులు ఆరోగ్యంగానే ఉండి, ఊపిరి ఆగిపోతుంది.

కట్లపాము విషం సరిగా ఆ చివరి మెట్టునే, అనగా నరం కండరాన్ని కలిసే చోటునే దెబ్బ తీస్తుంది. ఈ పాము సాధారణంగా రాత్రివేళ, నేలపై నిద్రించేవారిని కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు, గాటు కూడా కనబడకపోవచ్చు. కడుపునొప్పి, రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, ఆపై ఎగశ్వాస, ఇదీ వరుస. చివరకు రోగి కదలడు, కనుపాప స్పందించదు, చనిపోయినట్లే కనిపిస్తాడు. లోపల స్పృహ ఉండవచ్చు, గుండె కొట్టుకొంటూనే ఉండవచ్చు. తిత్తి చెడలేదు, ఆడించే చేయి మాత్రమే పడిపోయింది.

ఆ చేతికి మారుగా మరొక చేయి పట్టవచ్చునని లోకానికి చాటినది 1952 నాటి కోపెన్‌హాగెన్ నగరం. పోలియో వల్ల ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగులకు బ్యోర్న్ ఇబ్సెన్ అనే వైద్యుడు గొంతులో గొట్టమమర్చి, రబ్బరు సంచితో గాలి పంపించాడు. దాదాపు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా, రాత్రింబవళ్లు ఆ సంచులను చేతులతో నొక్కారు. నేటి వెంటిలేటరు ఆ చేతులకు వారసురాలు. ఇక్కడి నుండి పాత విమానాశ్రయపు రోడ్డు వెంట పడమరగా వెళితే వచ్చే జాతీయ వైమానిక ప్రయోగశాలలోనే, 2020లో కరోనా విజృంభించినప్పుడు, స్వస్థవాయు అనే శ్వాసయంత్రాన్ని 36 రోజులలో రూపొందించారు. విమానాలపై పరిశోధించే శాస్త్రజ్ఞులు రోగికి ఊపిరి పోసే పనికి పూనుకొన్నారు.

కాబట్టి మన పల్లెలలోని బంధువులకూ, ఈ పరిసరాలలో భవనాలు కడుతూ రేకుల షెడ్లలో నేలపై నిద్రించే మన తెలుగు కూలీ సోదరులకూ ఈ మాట చేర్చండి. మంచమో, అంచులు పరుపు క్రిందకు దోపిన దోమతెరో ప్రాణరక్షణ. కాటు పడిందన్న అనుమానం వస్తే కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, మంత్రగాని కోసం కాలం వృథా చేయవద్దు. రోగిని కదలనీయక, విషవిరుగుడు మందు, వెంటిలేటరు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చండి. దారిలో ఊపిరి ఆగితే నోటితో ఊపిరి పోస్తూనే ఉండండి. కదలడం లేదని ఆశ వదలవద్దు. కొన్ని రోజులు యంత్రం ఊపిరి పోస్తే, దెబ్బతిన్న నరాల కొసలు మరల చిగురిస్తాయి. అటువంటి రోగులు లేచి నడిచి ఇంటికి వెళ్లారు.

ఊపిరి అన్నది ఒకరు మరొకరికి కొంతకాలం అప్పుగా ఇవ్వగలిగినది. ఈ బడిలో చదివిన వారందరికీ ఈ సంగతి తెలిసి ఉంటే, ఎక్కడో ఒక ఇంట ఒక దీపం ఆరకుండా నిలుస్తుంది.