దీపకిరీటపు పండుగ
(సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఉత్తర ఐరోపాలోని స్వీడను దేశమున ఏటేట డిసెంబరు 13వ తేదీ తెల్లవారుజామున లూసియా పండుగ జరుగును. ఎక్కడి పండుగ, మనకేమి పని యని కొందఱు శంకింపవచ్చును. పని గలదు.

లూసియా స్వీడను స్త్రీ కాదు. సిసిలీ ద్వీపమందలి సిరక్యూజు నగరపు క్రైస్తవ కన్య. డయోక్లీషియను చక్రవర్తి కాలమున, క్రీ.శ. 304లో, మతముకొఱకు ప్రాణము లర్పించెనని ప్రసిద్ధి. స్వీడను వారు ప్రొటెస్టెంటులు. పునీతుల పూజ వారికి లేదు. అయినను ఈమె పేరు నిలిచినది. ఏలయన, మధ్యయుగమున పాత పంచాంగము ననుసరించి ఆమె దినము మిక్కిలి దీర్ఘమైన రాత్రితో కలిసి వచ్చెడిది. 1753లో ఆ దేశము కొత్త పంచాంగమును స్వీకరించినది. దీర్ఘరాత్రి 21వ తేదీ ప్రాంతమునకు తప్పుకొన్నది, పండుగ మాత్రము కదలలేదు. కారణము వేఱైనను, మన సంక్రాంతియు నిజమైన ఉత్తరాయణమునకు మూడు వారములు పైబడి దూరమైనది గదా!

ఇంటి ఆడపిల్ల తెల్లని నిలువుటంగీ తొడిగి, నడుమున ఎఱ్ఱని పట్టీ కట్టి, శిరమున వెలుగుచున్న కొవ్వొత్తుల కిరీటము దాల్చి, నిద్రించువారిని పాటతో మేల్కొలిపి, కాఫీయు, కుంకుమపువ్వు కలిపిన రొట్టెలును ఇచ్చును. ఆ సరకు తులము ధర యెంతయో మన అంగళ్లవారికి చెప్ప నక్కఱలేదు. పాట రాగము ఇటలీలోని నేపుల్సు పడవవారిది, మాటలు స్వీడిషువి. తెల్లని వస్త్రముల లూసియాను గూర్చిన తొలి వ్రాత 1764 నాటిది. ఇంత పురాతనముగా కన్పట్టు ఈ వేడుక ఊరూర వ్యాపించినది 1920 తరువాత, పత్రికలవారు లూసియాను ఎన్నుకొను పోటీలు పెట్టిన పిమ్మటనే. జర్మను సైన్యము ఆక్రమించియున్న డెన్మార్కున 1944లో ఈ దీపములు తొలిసారి వెలిగినవి. అది నోరెత్తని నిరసన.

పందొమ్మిదవ శతాబ్ది నడిమి నుండి 1930 వఱకు పదిలక్షలకు మించిన స్వీడనువారు అమెరికాకు తరలిరి. కాన్సస్ రాష్ట్రమున వారు 1869లో నెలకొల్పిన లిండ్స్‌బోర్గ్ పట్టణమున నేటికిని లూసియా జరుగును. కిరీటమున్నది, రొట్టె యున్నది. ఇంటిభాష మాత్రము ఇంగ్లీషైనది.

ఫిన్లాండు సంగతి వేఱు. అచ్చట స్వీడిషు మాతృభాషగా గలవారు నూటికి అయిదుగురు. నిన్న మొన్న వచ్చినవారు కారు. మనవలెనే శతాబ్దముల నుండి అచ్చటనే కాపురమున్నవారు. సుమారు 1950 నుండి వారి పత్రికయు, 1921లో పుట్టిన ఫోల్క్‌హెల్సన్ అను సేవాసంఘమును కలిసి లూసియాను ఎన్నుకొని, హెల్సింకి పెద్ద చర్చిలో కిరీటము పెట్టించి, ఆ నెపమున ధర్మకార్యములకు చందాలు వసూలు చేయుచున్నారు. అంతటితో సరిపెట్టుకొనలేదు. వారి భాషలో పాఠశాలలున్నవి, దినపత్రిక యున్నది, తూర్కు నగరమున 1918లో స్థాపితమైన విశ్వవిద్యాలయ మున్నది.

మన మీ రెంటిలో దేనికి చేరువయో లెక్క చూడుడు. ఉగాది పందిరికి, సన్నాయి మేళమునకు చందా అడిగిన తోడనే వచ్చును. తెలుగు పంతులుగారి జీతమునకు అడిగినచో వచ్చే నెల చూతమందురు. ఇంట తెలుగు మాటాడు మన పిల్లలలో ఈ వారపత్రికను చదువగలవారెందఱు?

కావున ఈ యేటి ఉగాది చందాలో మూడవ వంతును పంతులుగారి జీతమునకు ముందుగా తీసియుంచి, మిగిలిన దానితోనే పందిరి వేయవలెనని నా ప్రతిపాదన. మేళము ఒకటి తగ్గినను నాకు సమ్మతమే. ఆక్షేపణ గలవారు ఇప్పుడే సెలవియ్యవలెను, కార్యదర్శిగారు వ్రాసికొందురు.