ఆయుధచట్టము: నాటి మొఱ, నేటి లైసెన్సు

(ఒక గ్రామ గ్రంథాలయ వార్షికోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



గ్రంథాలయమున నిలిచి తుపాకినిగూర్చి మాటలాడుట కొందఱకు వింతగా దోపవచ్చును. ఈ విషయమును మేము కోరి యెన్నుకొన్నది కాదు. ఇక్కడికి నిత్యము వచ్చు యువకుడొకడు మా కార్యాలయమునకు వ్రాసిన జాబులో ఒక ప్రశ్న వేసినాడు. తెల్లదొరలు తుపాకులు లాగికొన్ననాడు అది జాతికి అవమానమని మన పెద్దలు ఎలుగెత్తిరి గదా. స్వరాజ్యము వచ్చిన పిమ్మట మన ప్రభుత్వమే లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకొనరాదనుచున్నదే. పెద్దల మాట తప్పా, ప్రభుత్వపు చేత తప్పా? అని అతని ప్రశ్న. నాలుగు పంక్తులలో జవాబు వ్రాయబూని వ్రాయజాలక, నేడీ సభ నాశ్రయించితిమి.

మొదట ఆ పెద్దల మొఱ యేమో తెలిసికొందము. 1857 నాటి తిరుగుబాటు చల్లారినది మొదలు ప్రజల చేతిలోని ప్రతి ఆయుధమును ఆంగ్ల ప్రభుత్వమునకు కంటిలో నలుసైనది. 1878లో, లిట్టను ప్రభువు రాజప్రతినిధిగా నున్న కాలమున, ఆయుధచట్టము వెలువడెను. ఆ సంవత్సరముననే ఆ ప్రభువే దేశభాషా పత్రికల నోరు కట్టు చట్టమును గూడ తెచ్చెను. పత్రికలవారము గనుక, ఈ రెండును ఒక్క తల్లి బిడ్డలని మేము మఱవజాలము. కలము పట్టినవానిని, తుపాకి పట్టినవానిని ఒక్కటే అనుమానముతో చూచిన యేడది. పత్రికల చట్టము రిప్పను ప్రభువు కాలమున రద్దయ్యెను. ఆయుధచట్టము మాత్రము 80 ఏండ్లకు పైబడి నిలిచెను.

ఆ చట్టమందలి విషము లైసెన్సు అను మాటలో లేదు; మినహాయింపులలో నుండెను. దానిక్రింద చేసిన నియమములు ఐరోపా జాతులవారిని లైసెన్సు బాధనుండి తప్పించినవి. ఈ దేశమున పుట్టినవాడు మాత్రము అర్జీ పట్టుకొని కచ్చేరీ మెట్లెక్కవలెను. ఒక్క బాటలో ఒక్క తీరు తుపాకి భుజమున వేసికొని ఇరువురు నడచుచుండగా, ఒకడు దొర, రెండవవాడు నేరస్థుడు! 1887లో బద్రుద్దీన్ త్యాబ్జీగారి అధ్యక్షతను చెన్నపట్టణమున కాంగ్రెసు మహాసభ సమావేశమైనప్పుడే ఈ చట్టమును సవరింపుమని తీర్మానము చేసిరి. మహాసభకది మూడవయేడు మాత్రమే. అంతటి బాల్యముననే ఈ మాట దాని నోట వచ్చెనన్న, అవమానము ఎంత లోతుగా తగిలెనో ఊహింపవచ్చును.

1918లో ఖేడా మండలమున సైన్యమునకు జనమును చేర్చుచు గాంధీమహాత్ముడు ప్రచురించిన కరపత్రమున, జాతినంతటిని నిరాయుధులను గావించిన ఈ చట్టమును ఆంగ్లపాలనలోని దుష్కృత్యములలో మిక్కిలి నల్లనిదిగా చరిత్ర ఎంచునని వ్రాసెను. ఈ మాటను నేడు కొందఱు తుపాకి స్వేచ్ఛావాదమునకు ముద్రగా వాడుకొనుచున్నారు. అది న్యాయము కాదు. ఇంటింట తుపాకి ఉండవలెనని ఆయన అనలేదు. ధైర్యము చచ్చిన జాతికి అహింస అబ్బదని ఆయన దుఃఖము. పిఱికితనము వేఱు, క్షమ వేఱు అని జీవితమంతయు బోధించినవాని మాటను ఆ వెలుగున చదువవలెను.

1920 ప్రాంతమున నియమములను మార్చి జాతిభేదమును తొలగించిరి. అయితే పోయినది రంగుభేదమేగాని అంతస్తుభేదము కాదు. బిరుదుగల ప్రభువులకును, గొప్ప భూస్వాములకును మినహాయింపులు మిగిలెను. సామాన్యునకు మాత్రము, నీ ఆస్తి యెంత, నీ పలుకుబడి యెంత యను ప్రశ్నలే.

ఇదే కాలమున మన మన్యమున జరిగినదేమి? అడవిచట్టములు పోడు సేద్యమును నిలిపివేసి, గిరిజనుల నోటికాడి కూడు లాగినపుడు వారి చేతిలో విల్లును బాణమును దప్ప వేఱాయుధము లేదు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషనులపై బడి తుపాకులను, మందుగుండును తీసికొనిపోయెను. సర్కారు ఖజానా నతడు కోరలేదు, తుపాకులను కోరెను. నిరాయుధీకరణమన నేమో ఆ మూడు దినములు చెప్పినట్లు ఏ తీర్మానమును చెప్పజాలదు. 1924 మే 7వ తేదీన ఆ వీరుడు కొయ్యూరులో కాల్పబడెను. అతని చావునకు వగచిన తరమువారే పిమ్మట స్వరాజ్యమునకు హక్కుల పట్టిక వ్రాసికొనిరి.

ఆ పట్టికలో ఆయుధముండెనా? ఉండెను. 1928 నాటి నెహ్రూ నివేదికలోను, 1931లో కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానములోను, ఆయుధము నుంచుకొను హక్కు పౌరునకు కలదని వ్రాసిరి. మన యువకుడు పట్టుకొన్న కొస ఇదియే. అయితే ఆ వాక్యమునకు తోక యొకటి కలదు. ఆ హక్కు ఆ విషయమై చేయబడు నియమములకు లోబడినదని వారే వ్రాసిరి. పెద్దలు అడిగినది నియమము లేని తుపాకిని కాదు, జాతికొకటి, అంతస్తునకొకటి కాని నియమమును.

1948 డిసెంబరు మొదటి దినములలో రాజ్యాంగసభయందు నేటి 19వ అధికరణమునకు మూలమైన భాగము చర్చకు వచ్చినపుడు, హెచ్. వి. కామత్‌గారు ఈ హక్కును చేర్పవలెనని సవరణ తెచ్చి, కరాచీ వాగ్దానమును జ్ఞాపకము చేసిరి. అంబేద్కరుగారు అంగీకరింపలేదు. మనము పట్టుపట్టవలసినది ఆయుధము ధరించు హక్కునకు గాదు, దేశరక్షణకై ధరించు విధికని వారి సమాధానము. సవరణ వీగిపోయెను. రాజ్యాంగమున పౌరుల స్వాతంత్ర్యములను చెప్పు ఆ అధికరణములో ఆయుధమన్న మాట ఒక్కచో వచ్చును. అదియు, శాంతముగా, ఆయుధములు లేక, సభ జేరుట యని!

వాగ్దానభంగమా ఇది? మేము చాలకాలము అట్లే తలచితిమి. తరువాత ఆ సంవత్సరమును మఱల చూచితిమి. 1947 నాటి విభజన నెత్తురు ఇంకను ఆరలేదు. 1948 జనవరి 30వ తేదీన, ప్రార్థనకు నడచిపోవుచున్న మహాత్ముని ఱొమ్మున మూడు గుండ్లు దిగినవి. ఆ పిస్తోలు చట్టవిరుద్ధముగా చేతులు మారి హంతకుని చేరినది. పది మాసములు మాత్రమే గడిచినవి. ఆ సభలో కూర్చుండి, ప్రతివానికిని పిస్తోలు జన్మహక్కని చేయెత్తుట యెవరి తరము? సభ తప్పు చేయలేదని మా నిశ్చయము.

అమెరికాను చూడుడనువారు కలరు. చూతము. 1791లో వారి రాజ్యాంగమునకు చేర్చిన రెండవ సవరణ ఆయుధపు హక్కును చెప్పినది. అది ప్రత్యేకముగా వ్యక్తికే చెందినదని వారి సుప్రీముకోర్టు 2008లో నిర్ణయించి, 2022లో ఆ హక్కును ఇంటి వెలుపలికిని విస్తరించినది. అయితే 1865లో, బానిసత్వము పోయిన యేడే, మిసిసిపీ రాష్ట్రము విముక్తులైన నల్లవారు అనుమతి లేక తుపాకి యుంచుకొనరాదని చట్టము చేసినదని మఱవరాదు. అక్షరమున అందఱి హక్కు; ఆచరణమున తెల్లవాని హక్కు. మన 1878 చట్టమునకది పినతల్లి బిడ్డ. ఇక అట్టి స్వేచ్ఛకు ఫలమేమి? 2017 ఫిబ్రవరి 22వ తేదీన కాన్సాస్ రాష్ట్రపు ఒలేతా పట్టణమున, పని ముగించుకొని మిత్రునితో కూర్చున్న తెలుగు ఇంజనీరును, మీ దేశమునకు పొండని కేకలు వేసి ఒకడు కాల్చి చంపెను. బిడ్డలను ఆ దేశమునకు పంపిన తల్లిదండ్రులు ఈ సభలోను ఉందురు. వారికి మేము వేఱుగ చెప్పవలసినది లేదు.

ఇంతవరకు ప్రభుత్వపక్షమున మాటలాడినట్లున్నది. ఇక రెండవ ప్రక్క.

1959లో మన పార్లమెంటు పాత చట్టమును త్రోసివేసి క్రొత్త ఆయుధచట్టమును చేసెను. 1962లో అది అమలునకు వచ్చెను. దానిని చదివినవారు తక్కువ. చదువుడని మేము కోరుచున్నాము. పంటను కాపాడుకొనుటకు మందు కూరి పేల్చు తుపాకి నిజముగా కావలసినవానికి లైసెన్సు ఇయ్యవలెనని 13వ సెక్షను చెప్పుచున్నది. తగినంత ఆస్తి లేదను ఒక్క కారణముచేత ఎవనికిని లైసెన్సు నిరాకరింపరాదని 14వ సెక్షను చెప్పుచున్నది. నిరాకరించినచో కారణములను వ్రాసి యుంచవలెను. అడిగినచో, ప్రజాహితమునకు భంగము కానంతవరకు, వానికి క్లుప్తముగా తెలుపవలెను. అతడు పై యధికారికి అప్పీలు చేసికొనవచ్చును. 1887 నాటి చెన్నపట్టణపు మొఱకు ఇవి జవాబులు. హక్కుగా ఇయ్యకపోయినను, దయగా కాక న్యాయముగా ఇచ్చుటకు బాట వేసిన వాక్యములివి.

బాట వేసిరి, నడుచుచున్నారా?

అడవి యంచున మేమెఱిగిన మెట్టరైతు ఒకడున్నాడు. నాలుగెకరముల మొక్కజొన్న, కొంత వేరుశనగ. తండ్రికి నాటు తుపాకి యొకటి, దానికి లైసెన్సు ఉండెడివి. తండ్రి పోగానే చట్టము తెలిసినవాడు గనుక తుపాకిని తానే తీసికొనిపోయి పోలీసు స్టేషనులో అప్పగించి, తన పేర లైసెన్సునకు దరఖాస్తు పెట్టెను. మూడేండ్లాయెను. ఇత్తుమనలేదు, ఈయమనలేదు. పోయినప్పుడెల్ల, చూతము అను మాటయే. కారణము వ్రాసి యిండని అడిగినందుకు గుమాస్తా నవ్వెనట. ఆ మూడేండ్లును కంకి పాలుపట్టువేళకు అడవిపందులు మందలుగా దిగినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున్నది గనుక పందిని చంపుటకు వేఱుగ అనుమతి కావలెనని అతనికి తెలియును. చంపుట కాదయ్యా, చప్పుడు చాలునని మాతో ననెను. రాత్రులు మంచెపై కూర్చుండి డబ్బా మ్రోగించి మ్రోగించి అతని తల్లి జబ్బుపడెను.

అతని గట్టునకు ఆవలి రైతు కచ్చేరీలచుట్టు తిరుగలేదు. చేనిచుట్టు తీగ లాగి కరెంటు తగిలించెను. మొదటి వారమున చచ్చినది పంది కాదు, అతని దుక్కిటెద్దు. అట్టి తీగలకు తగిలి చచ్చిన కూలీలను, కాపరులను, పులులనుగూర్చి మన రెండు తెలుగు రాష్ట్రముల పత్రికలలోను చదువుచునే యున్నాము. నమ్మదగిన రైతు చేతికి, లెక్కలో నమోదైన ఒక పాత తుపాకి ఈయనందుకు బదులు, లెక్కలోనికి రాని మృత్యువు పొలముల గట్లపై పరచుకొని యున్నది.

మఱియొకచో చూడుడు. పెండ్లి ఊరేగింపులలో గాలిలోనికి గుండ్లు పేల్చు వేడుక కొన్ని రాష్ట్రములలో ఎంతగా పెచ్చుపెరిగెనన్న, 2019లో సవరణచట్టము చేసి దానికి రెండేండ్ల వఱకు ఖైదును, లక్ష రూపాయల వఱకు జరిమానాయు విధింపవలసి వచ్చెను. ఒక్కొక్కరు మూడు తుపాకుల వఱకు ఉంచుకొనుటకున్న వీలును ఆ సవరణయే రెంటికి తగ్గించెను. మేము దానిని మెచ్చుకొంటిమి. కాని ఆ మూడవ తుపాకి ఎవరి యింట నుండెను? మెట్టరైతు ఇంట గాదు. నడుమున పిస్తోలు ఆభరణమైనవారికి లైసెన్సు త్వరగా వచ్చుననియు, పంటకాపునకు రాదనియు పల్లెలలో అనుకొనుమాట పూర్తిగా అబద్ధమని ఏ కలెక్టరైనను ధైర్యముగా చెప్పునా?

కొడగుసీమను గూర్చి ఒక్క మాట. అచ్చట కొడవ జాతివారికిని, జమ్మా భూములవారికిని 1861 నాటినుండి లైసెన్సు మినహాయింపు కలదు. దానిని 2029 వఱకు పొడిగించిరి. 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించెను. తుపాకిని పూజించు పండుగయే వారికి కలదు. ఆ ఆచారమును మేము గౌరవింతుము. ప్రక్కయూరి రైతు పంట పందులపాలగుచుండగా, పుట్టుకనుబట్టి ఇయ్యబడు మినహాయింపు మాత్రము మాకు రుచింపదు. పుట్టుకను చూచి ఈయవలదని గదా 1887లో మనమడిగినది.

లైసెన్సులు సడలించిన నేరములు పెరుగునని కొందఱు పెద్ద ఉద్యోగులు మాతో వాదించిరి. వారి భయము వట్టిది కాదు. కాని పల్నాటను, రాయలసీమను ముఠాకక్షలు చెలరేగిన దినములలో ఊళ్లను వల్లకాడు చేసినది లైసెన్సు తుపాకియా, నాటుబాంబా? 2023లో మన సుప్రీముకోర్టు తనంతట తాను విచారణ కెత్తుకొన్నది లైసెన్సు లేని తుపాకుల మాటనే. దొంగచాటు కొలుములపై పడవలసిన బలగము, నమోదైన తుపాకిని స్టేషనులో పెట్టి తాళము వేయుటతో పని తీరెననుకొనరాదు.

ఇక ఆ యువకునకు మా జవాబు. పెద్దల మాట తప్పు కాదు. చట్టము మాట తప్పు కాదు. కచ్చేరీ చేత తప్పు. నాయనా, నీవు చదువుకొన్నవాడవు. మీ మండలమున పంటకాపు తుపాకికై దరఖాస్తు పెట్టినవారెందఱో, పెట్టి యెన్నాళ్లయ్యెనో, వ్రాతమూలకమైన జవాబు ఎందఱికి వచ్చెనో గ్రామగ్రామము తిరిగి లెక్క వ్రాయుము. పేరు వెల్లడింప నిష్టపడనివారి పేరు వ్రాయకుము. ఆ పట్టిక మాకు పంపినచో ఈ పుటలోనే అచ్చువేయుదుము. మేము చెప్పిన మెట్టరైతు దరఖాస్తు నకలు మాయొద్ద నున్నది; మొదటి వరుసలో దానిని వ్రాసికొనుము.