మళ్లీ పెట్టుకున్న చెక్‌పోస్టు

(జంషెడ్‌పూర్‌లో జరిగిన మన బ్యాంకు తెలుగు ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను బ్రెగ్జిట్ గురించి మాట్లాడమన్నారు. పక్క హాల్లోంచి పులిహోర వాసన వస్తూండగా ఇలాంటి విషయం పెట్టిన నిర్వాహకుల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. వీలైనంత తొందరగానే ముగిస్తాను.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వెళితే జంషెడ్‌పూర్‌లో ఉన్న మనకేమిటి? ఈ ప్రశ్న ఒక పెద్దాయన నన్ను 2016లోనే అడిగారు. నేను తప్పు జవాబు చెప్పాను. అక్కడినుంచే మొదలుపెడతాను.

అప్పుడు నేను ఈ ఊళ్లోనే ఒక శాఖలో విదేశీ మారకం సీట్లో ఉండేవాణ్ణి. ఆయనది శ్రీకాకుళం జిల్లా. ప్లాంటులో పనిచేసి రిటైరై కద్మాలో స్థిరపడ్డారు. వాళ్లమ్మాయికి లండన్‌లో సీటు వచ్చింది. ముందుగా కట్టాల్సిన ఫీజు 8 వేల పౌండ్లు. జూన్ 23, గురువారం వచ్చారు. "బాబూ, అక్కడేదో ఓటింగు అంటున్నారు. ఈ రోజు పంపేద్దామా, రెండు రోజులు ఆగుదామా?" అన్నారు. "ఆ ఓటింగుకీ మన ఫీజుకీ ఏం సంబంధం బాబాయ్ గారూ? కలిసే ఉంటారంటున్నారు అందరూ. పంపేయండి" అన్నాను. ఎం.బి.ఏ. చదివినవాణ్ణి కదా, గొంతులో అనుమానమే లేదు.

ఆ రోజు పౌండు 100 రూపాయలకు అటూ ఇటూగా ఉంది. మర్నాడు పొద్దున మనం టిఫిన్లు చేసే వేళకు ఫలితం తేలిపోయింది. విడిపోదామన్నవారు 51.9 శాతం, ఉందామన్నవారు 48.1 శాతం. పౌండు 93 రూపాయల దగ్గరకు జారింది. డాలరుతో పోలిస్తే 1985 తర్వాత అంత కిందికి పోవడం అదే మొదలు. పౌండుకు 7 రూపాయల చొప్పున ఎనిమిది వేల పౌండ్లకు 56 వేల రూపాయలు. అది ఆయన ప్రావిడెంట్ ఫండు డబ్బు. తర్వాత రసీదు కోసం వచ్చినప్పుడు "పౌండు తగ్గిందట కదా బాబూ" అన్నారు, అంతే. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ రోజునుంచి ఈ విషయాన్ని వదలకుండా చదువుతున్నాను. నాకు అర్థమైనది మన లెక్కలోనే చెబుతాను.

జి.ఎస్.టి. రాకముందు సంగతి గుర్తు తెచ్చుకోండి. విశాఖపట్నం నుంచి టాటానగర్ రావాలంటే లారీ రాష్ట్రాల సరిహద్దులు దాటాలి. సరిహద్దు వచ్చినప్పుడల్లా చెక్‌పోస్టు, వరస, పర్మిట్టు, ముద్ర. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక ఆ పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. యూరోపియన్ యూనియన్ కూడా సరుకుల విషయంలో ఇలాంటి ఏర్పాటే. సభ్య దేశాల మధ్య సుంకం ఉండదు, బయటి దేశాలకు అందరిదీ ఒకే సుంకం. నాణ్యతా ప్రమాణాలు ఒకచోట ఒప్పుకుంటే అన్నిచోట్లా ఒప్పుకున్నట్టే. బ్రిటన్ 1973లో చేరింది, 2020 జనవరి 31న బయటికొచ్చింది. ఆ ఏడాది చివరిదాకా పాత పద్ధతే నడిచి, 2021 జనవరి 1 నుంచి అసలు మార్పు మొదలైంది. అంటే మనం చెక్‌పోస్టులు తీసేసిన మూడున్నరేళ్లకు వాళ్లు మళ్లీ పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2020 డిసెంబరు 24న ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. సుంకం సున్నా, పరిమితి లేదు. మరి నష్టమెక్కడ? కాగితాల్లో. సరుకు ఎక్కడ పుట్టిందో రుజువు చూపిస్తేనే ఆ సున్నా సుంకం. ఉదాహరణకు మామూలు పెట్రోలు కారు సుంకం లేకుండా యూరప్‌కు వెళ్లాలంటే అందులో బయటి దేశాల సరుకు విలువ 45 శాతం దాటకూడదు. మన ఆదిత్యపూర్‌లో తయారైన భాగం బ్రిటన్ కారులో బిగిస్తే అది బయటి సరుకు లెక్కలోకే వస్తుంది. ఎవరూ ఆదిత్యపూర్‌ను అడగలేదు, ఎవరూ ఓటెయ్యమనలేదు. అయినా లెక్క ఇక్కడిదాకా వచ్చింది. పెద్ద కంపెనీ అయితే ఈ కాగితాల పనికి ఒక విభాగమే పెట్టుకుంటుంది. జున్ను అమ్ముకునే చిన్న వ్యాపారి యూరప్‌కు అమ్మడమే మానుకుంటాడు.

ఇప్పుడు ఈ ఊరి సంగతికి వద్దాం. 2007లో టాటా స్టీలు కోరస్ కంపెనీని సుమారు 620 కోట్ల పౌండ్లకు కొన్నప్పుడు జంషెడ్‌పూర్ ఎంత గర్వపడిందో మీలో చాలామందికి గుర్తుంటుంది. అలా వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్ మనకు చుట్టం ఊరైంది. అదీ ఇలాంటి ఉక్కు ఊరే. ఆ ఊరున్న నీత్ పోర్ట్ టాల్బట్ ప్రాంతంలో 56.8 శాతం మంది విడిపోదామనే ఓటేశారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. ఆ ఏడాది జనవరిలోనే ఉద్యోగాల కోత ప్రకటన వచ్చింది, మార్చిలో కంపెనీ బ్రిటన్ వ్యాపారాన్ని అమ్మే ఆలోచనలో పడింది. ఉన్న ఏర్పాటు మమ్మల్ని కాపాడలేదు కదా అనుకోవడంలో తప్పేముంది?

కానీ బయటికొచ్చాక జరిగింది వేరు. దిగుమతి ఉక్కుకు యూరప్ 2018 నుంచే కోటాలు పెట్టింది. అప్పట్లో కోటా దాటితే 25 శాతం సుంకం. లోపల ఉన్నన్నాళ్లు ఆ గోడ బ్రిటన్ ఉక్కుకు రక్షణ. బయటికొచ్చాక అదే గోడ అడ్డం. 2024 సెప్టెంబరు 30న పోర్ట్ టాల్బట్‌లో చివరి బ్లాస్ట్ ఫర్నేసు ఆపేశారు. సుమారు 2,800 ఉద్యోగాలు పోతాయని కంపెనీ ముందే ప్రకటించింది. దాని స్థానంలో 125 కోట్ల పౌండ్లతో ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేసు కడుతున్నారు, అందులో 50 కోట్లు బ్రిటన్ ప్రభుత్వం ఇస్తోంది. ఇదంతా బ్రెగ్జిట్ వల్లే అంటే అబద్ధం. చౌక చైనా ఉక్కు, ఖరీదైన కరెంటు, పాతబడిన ఫర్నేసులు అసలు జబ్బులు. అయితే జబ్బు మనిషిని వానలో నిలబెడితే జబ్బు తగ్గదు కదా.

లాభం మాట కూడా చెప్పాలి, లేకపోతే పక్షపాతమవుతుంది. యూనియన్‌లో ఉన్న దేశం సొంతంగా వాణిజ్య ఒప్పందాలు చేసుకోలేదు. బయటికొచ్చింది కాబట్టే బ్రిటన్ 2025 జూలై 24న మన దేశంతో ఒప్పందం మీద సంతకం చేయగలిగింది. మన ఎగుమతుల్లో 99 శాతం రకాలకు అక్కడ సుంకం ఉండదు. భీమవరం రొయ్యకు, తిరుప్పూర్ బట్టకు అది మంచి వార్తే. మరి బ్రిటన్‌కు ఎంత మిగులుతుంది? ఆ దేశపు బడ్జెట్ అంచనాలు వేసే స్వతంత్ర సంస్థ లెక్క ప్రకారం, యూనియన్‌లో ఉండి ఉంటే ముందుముందు 100 ఉండాల్సిన ఉత్పాదకత బయటికి రావడం వల్ల 96 దగ్గర ఉంటుంది. అంటే వంద రూపాయలకు నాలుగు రూపాయలు పోయాయి. మనతో ఒప్పందం వల్ల వచ్చేది, బ్రిటన్ ప్రభుత్వం సొంత అంచనాయే, వందకు సుమారు 13 పైసలు. ఆ నాలుగు రూపాయలు పూడాలంటే ఇలాంటి ఒప్పందాలు ముప్పైకి పైనే కావాలి.

కాబట్టి నా మాట ఇది. విడిపోయిన ఖర్చు ఓటేసిన రోజున కనబడదు. పౌండు పడిపోవడం ఒక్క రోజు సంగతి. అసలు ఖర్చు ఆ తర్వాత రోజూ కొంచెం కొంచెంగా, కాగితాల రూపంలో, ఆలస్యాల రూపంలో కట్టుకుంటూ పోవాలి. అది కట్టేవాళ్లలో చాలామంది ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లు కారు.

మీ ఇళ్లలో పిల్లలు విదేశాల్లో చదువుతూ ఉండొచ్చు. ఫీజు కట్టాల్సినప్పుడు రేటు ఎటు పోతుందో ఊహించే పని పెట్టుకోవద్దు. గడువు ఉంటే రెండు మూడు విడతలుగా పంపండి. అన్నీ మంచి రేటుకు పడవు, అన్నీ చెడ్డ రేటుకూ పడవు. ఎగుమతి దిగుమతులు చేసే చిన్న పరిశ్రమలవారు ఫార్వర్డ్ కాంట్రాక్టు గురించి అడిగి తెలుసుకోండి. రేటును ముందే ఖాయం చేసుకోవచ్చు. ఇక సీట్లో కూర్చునే మిత్రులకు ఒక విన్నపం. "రేపటి రేటు నాకు తెలియదండీ" అని చెప్పడం చిన్నతనం కాదు. ఆ రోజు నేను ఆ మాట చెప్పి, సగం ఇప్పుడు సగం తర్వాత పంపమని ఉంటే సరిపోయేది.

తర్వాత రెండు ఊళ్లు బదిలీ తిరిగి మళ్లీ ఇక్కడికే వచ్చాను. ఆ బాబాయ్ గారు ఈ నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చారు. నన్ను గుర్తుపట్టి, "బాబూ, యూరప్‌వాళ్లు ఉక్కుమీద మళ్లీ ఏదో పన్ను అంటున్నారట. మన ప్లాంటుకేమైనా అవుతుందా?" అని అడిగారు. 2025 అక్టోబరు 7న యూరోపియన్ కమిషన్ చేసిన ప్రతిపాదన అది. సుంకం లేని దిగుమతి కోటా దాదాపు సగానికి తగ్గించి, దాటినదానిమీద 50 శాతం వేస్తామని. బయట ఉన్న బ్రిటన్‌కూ దెబ్బే, మనకూ కొంత దెబ్బే.

ఈసారి "మనకేం సంబంధం బాబాయ్ గారూ" అనలేదు. కుర్చీ వేసి, టీ తెప్పించి, తెలిసినంత చెప్పాను. తెలియనిది తెలియదన్నాను.

పదండి, పులిహోర చల్లారిపోతోంది.