మంచినీళ్ళు కావాలా? | మా మేనల్లుడు, మెట్రో, నేను డిలీట్ చేసిన రీల్

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం వేరేగా ఉంటుంది. కాసేపు నవ్వుకుందాం, ఆ తర్వాత నేనొక తప్పు ఒప్పుకోవాలి.

మా అక్కకి ఒక్కడే కొడుకు. ఏడేళ్ళు. వాడికి ఆటిజం ఉంది. పేరు చెప్పను, చిన్నోడు అనుకుందాం. ఎందుకు చెప్పడం లేదో చివరికి మీకే అర్థమవుతుంది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన నాలుగేళ్ళూ కూకట్‌పల్లిలో అక్కా వాళ్ళింట్లోనే ఉన్నా. కాబట్టి ఇదంతా ఎవరో చెప్తే విన్నది కాదు, దగ్గరుండి చూసింది.

చిన్నోడికి మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక, మనం ఏమంటే అదే తిరిగి అనేవాడు. దీన్ని ఎకోలాలియా అంటారు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది. అక్క రోజూ "మంచినీళ్ళు కావాలా?" అని అడిగి గ్లాసు ఇస్తుంది కదా. వాడి లెక్కలో ఆ మాట అంటే గ్లాసు వస్తుంది, అంతే. అందుకని వాడికి దాహమేస్తే మన దగ్గరికొచ్చి "మంచినీళ్ళు కావాలా?" అంటాడు.

ఒకసారి బావ వాళ్ళ పెద్దనాన్నగారు ఊరి నుంచి వచ్చారు. చిన్నోడు వెళ్ళి ఆయన ముందు నిలబడి, "మంచినీళ్ళు కావాలా?" అన్నాడు. "వద్దు నాన్నా, ఇప్పుడే తాగాను" అన్నారాయన. మళ్ళీ "మంచినీళ్ళు కావాలా?" "వద్దులేరా." మూడోసారి కాస్త గట్టిగా అడిగాడు. ఆయన మురిసిపోయి, "చూశావా అమ్మాయ్, ఈ కాలం పిల్లల్లో ఇంత మర్యాద ఎక్కడుంది! వదలకుండా అడుగుతున్నాడు" అన్నారు. వంటింట్లోంచి అక్క పరిగెత్తుకొచ్చి, "అయ్యో మామయ్యగారూ, దాహం వాడికండీ!" అంది.

ఇంకోటి. మిక్సీ చప్పుడు మనకి చప్పుడే, వాడికి మాత్రం చెవిలో డ్రిల్లింగ్ చేసినట్టు ఉంటుంది. అందుకే అక్క స్విచ్ వేసేముందు "మిక్సీ!" అని కేకేస్తుంది. వాడు పరిగెత్తి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాడు. ఆ కేకకి ఇల్లంతా ఎంత అలవాటు పడిపోయిందంటే, మా అమ్మ ఊళ్ళో తన ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు కూడా "మిక్సీ!" అని అరిచి మరీ పచ్చడి వేస్తుంది. పక్కింటివాళ్ళు ఏమనుకుంటున్నారో దేవుడికే తెలియాలి.

ఇవి మా ఇంటి జోకులు. అక్క కూడా నవ్వుతుంది. నవ్వకపోతే రోజు గడవదు రా అంటుంది.

కానీ ఇల్లు దాటితే కథ వేరు. ఒక పెళ్ళికి వెళ్ళాం. ముహూర్తం టైమ్‌కి గట్టిమేళం మొదలైంది. ఆ రోజు హెడ్‌ఫోన్స్ కార్లో మర్చిపోయాం. వాడు చెవులు మూసుకుని, కింద పడుకుని, తల నేలకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అక్క పట్టుచీరలోనే కింద కూర్చుని, వాడి తల కింద తన చెయ్యి పెట్టింది. దెబ్బలన్నీ ఆ చేతికే తగిలాయి. చుట్టూ జనం. "రెండు తగిలిస్తే దారికొస్తాడు" అన్నారొకరు. "ఫోన్ ఎక్కువ ఇచ్చుంటారు" అన్నారు ఇంకొకరు. ఒకావిడైతే నేరుగా అక్కనే, "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావమ్మా?" అని అడిగింది.

ఇక్కడ ఒక విషయం క్లియర్‌గా చెప్పుకుందాం. మొండితనం వేరు, మెల్ట్‌డౌన్ వేరు. మొండి చేసే పిల్లాడు మధ్యమధ్యలో మనం చూస్తున్నామా లేదా అని ఓరగా చూస్తాడు, అడిగింది ఇస్తే ఆపేస్తాడు. మెల్ట్‌డౌన్‌లో అడిగేది ఏమీ ఉండదు. చప్పుడు, వెలుతురు, జనం అన్నీ ఒకేసారి మీదపడి ఇక తట్టుకోలేని స్థితి అది. సర్వర్ మీద లోడ్ ఎక్కువై క్రాష్ అయితే సర్వర్‌ని కొడతామా? లోడ్ తగ్గిస్తాం.

ఇక తల్లిని తప్పుపట్టడం అనేది మన పెళ్ళిళ్ళలో పుట్టింది కాదు. 1950, 60ల్లో అమెరికాలో కొందరు నిపుణులే, తల్లి ప్రేమ చూపించకపోవడం వల్ల ఆటిజం వస్తుందని చెప్పారు. అలాంటి తల్లులకి "రిఫ్రిజిరేటర్ మదర్" అని పేరు కూడా పెట్టారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టుకి ఆటిజం ఉన్న కొడుకు ఉన్నాడు. ఆయన 1964లో పుస్తకం రాసి, ఇది తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదు, పుట్టుకతో మెదడు పనితీరులో ఉన్న తేడా అని వాదించాడు. అరవై ఏళ్ళు దాటింది ఫ్రెండ్స్. ఆ పాత మాటే మా అక్క ఒక పెళ్ళిపందిట్లో విన్నది.

సరే, ఇప్పుడు నా తప్పు.

చిన్నోడికి మెట్రో అంటే ప్రాణం. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా 27 స్టేషన్లు వరసగా చెప్తాడు. మధ్యలో మనం అడ్డం వస్తే మళ్ళీ మియాపూర్ నుంచి మొదలు. ఒకరోజు గుడిలో ప్రదక్షిణ చేస్తూ, అనౌన్స్‌మెంట్ గొంతుతో "తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి" అన్నాడు. పూజారిగారు కూడా నవ్వాపుకోలేకపోయారు. నేను అది షూట్ చేశా. అప్పుడే ఛానెల్ మొదలుపెట్టిన రోజులు. అక్కని అడగలేదు. రీల్ పెట్టేశా. రెండు రోజుల్లో అప్పటిదాకా నాకెప్పుడూ రానన్ని వ్యూస్ వచ్చాయి. "సో క్యూట్" అని కామెంట్లు. నేను ఫుల్ హ్యాపీ.

వారం తర్వాత అక్క ఫోన్ చేసింది. అపార్ట్‌మెంట్ కింద పెద్దపిల్లలు వీణ్ణి చూడగానే "రేయ్, మియాపూర్!" అని అరుస్తున్నారట. వీడు సంతోషంగా 27 స్టేషన్లూ చెప్తున్నాడట. వాళ్ళు పడీపడీ నవ్వుతుంటే వీడూ నవ్వుతున్నాడట. స్నేహితులు దొరికారనుకుంటున్నాడు.

అక్క తిట్టలేదు. ఒకటే మాట అంది: "మనం వాడితో కలిసి నవ్వుతాం రా. వాళ్ళు వాణ్ణి చూసి నవ్వుతున్నారు. ఆ తేడా వాడికి తెలీదు. నీకు తెలియాలి కదా?"

నా దగ్గర సమాధానం లేదు. వెంటనే డిలీట్ చేశా. కానీ అప్పటికే ఎవరెవరో డౌన్‌లోడ్ చేసుకుని స్టేటస్‌లు పెట్టుకున్నారు. కోడ్ తప్పయితే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళొచ్చు. దీనికి ఆ ఛాన్స్ లేదు.

అందుకే ఈసారి స్క్రిప్ట్ ముందు అక్కకి పంపా. రెండు సంఘటనలు కొట్టేసింది. చాలా ఫన్నీగా ఉంటాయి అవి. అయినా చెప్పను. పెద్దయ్యాక వాడే చెప్పాలనుకుంటే వాడే చెప్తాడు.

మీకు రెండు మూడు మాటలు. బయట ఎక్కడైనా ఒక పిల్లాడు అలా కింద పడి ఏడుస్తుంటే, ఫోన్ జేబులోనే ఉంచండి. చుట్టూ గుమిగూడకండి. పాట వస్తుంటే సౌండ్ తగ్గించమని చెప్పండి. ఆ తల్లిని "ఏమైంది?" అని కాదు, "ఏమైనా సాయం కావాలా అండీ?" అని అడగండి. వద్దంటే పక్కకి జరగండి, అది కూడా సాయమే.

మీ ఇంట్లోనే అలాంటి పిల్లలుంటే, 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది. అంతకుముందున్న 1995 చట్టంలో అది లేనే లేదు. యూడీఐడీ కార్డుకి అప్లై చేయండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ కూడా ఉంది. అనుమానం ఉంటే "మగపిల్లలకి మాటలు లేటే" అని సరిపెట్టుకోకుండా డాక్టర్‌కి చూపించండి. ఎంత తొందరగా తెలిస్తే అంత మంచిది.

ఇప్పుడు వీలైన ప్రతి ఆదివారం నేనూ చిన్నోడూ మెట్రో ఎక్కుతాం. మియాపూర్ టు ఎల్బీ నగర్. వాడు స్టేషన్లు చెప్తాడు, నేను వింటా. మొన్న పంజాగుట్ట దాటాక నా వైపు తిరిగి "మంచినీళ్ళు కావాలా?" అన్నాడు. బాటిల్ తీసిచ్చా. సగం తాగి, మిగతా సగం నా చేతికిచ్చాడు. అది వాడు అడగడమో, నన్ను అడగడమో నాకిప్పటికీ తెలీదు. తాగేశా.

వీడియో తియ్యలేదు ఫ్రెండ్స్. నా మాట నమ్మాల్సిందే.

మీ ఇంట్లోనూ ఇలాంటి చిన్నోళ్ళు ఉంటే కామెంట్‌లో రాయండి, ఫొటోలు మాత్రం వద్దు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.